ఐర్లండ్ తాత ఊరు దొరుకుతుందా?

ప్రశ్న: మా నాయనమ్మ వాళ్ల తాత బ్రిటిష్ సైన్యంలో ఐర్లండ్ నుంచి తిరుమలగిరి కంటోన్మెంట్‌కి వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయారు. పేరు జాన్ సల్లివన్, 1860 ప్రాంతంలో కార్క్ కౌంటీలో పుట్టారట. అంతకుమించి తెలియదు. ఐర్లండ్ రికార్డులన్నీ ఎప్పుడో తగలబడిపోయాయి, వెతకడం దండగ అంటున్నారు మావాళ్లు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, లాలాగూడ

జవాబు: సగం నిజం. 1922 జూన్ 30న, అక్కడి అంతర్యుద్ధంలో, డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల ఆవరణలోని రికార్డు ఆఫీసు తగలబడింది. 1821 నుంచి 1851 దాకా జనాభా లెక్కలు దాదాపు మొత్తం, వీలునామాలు, ప్రొటెస్టెంట్ చర్చి రిజిస్టర్లలో సగానికి పైగా అందులో పోయాయి. 1861 నుంచి 1891 దాకా లెక్కల పాపం మాత్రం ఆ మంటది కాదు, అంతకుముందే సర్కారే వాటిని వదిలించుకుంది. కేథలిక్ రిజిస్టర్లు ఏ పారిష్‌వి (అంటే ఒక చర్చి కింద ఉండే ప్రాంతం) ఆ పారిష్‌లోనే ఉండటంతో బతికిపోయాయి. సల్లివన్లు ఎక్కువమంది కేథలిక్‌లే కాబట్టి మీకు ఆశ ఉంది.

కానీ ఇప్పుడే అటు పరిగెత్తకండి. కార్క్‌లో జాన్ సల్లివన్లు కుప్పలు తెప్పలు, పారిష్ పేరు తెలియకుండా వెతికితే ఎవరి తాతనో మీ తాత అనుకునే ప్రమాదం ఉంది. ముందు ఆయన సైన్యం కాగితాలు, ఇక్కడి పెళ్లి కాగితాలు పట్టండి. ఆయన సైన్యం నుంచి పెన్షన్‌తో రిటైరై ఉంటే, సైన్యంలో చేరిన రోజు రాయించుకున్న ఫారం లండన్‌లో క్యూ (Kew) అనే పేటలో ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఫలానా పారిష్, ఫలానా ఊరి దగ్గర, ఫలానా కౌంటీ అని మూడూ అందులో ఉంటాయి, మీకు కావలసింది సరిగ్గా అదే. పెళ్లి ఇక్కడే అయిందన్నారు కదా, మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్ల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, పెళ్లి ఎంట్రీలో సాధారణంగా వరుడి తండ్రి పేరు కూడా రాసేవారు. రెండూ ఫైండ్‌మైపాస్ట్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో చూడొచ్చు, డబ్బు కట్టాలి.

పారిష్, తండ్రి పేరు చేతికొచ్చాక ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ సైట్‌కి వెళ్లండి, అక్కడ కేథలిక్ రిజిస్టర్లు ఉచితం. అందరి జననాల ప్రభుత్వ నమోదు మొదలైందే 1864లో, కాబట్టి మీ తాతగారికి బాప్తిజం ఎంట్రీయే దిక్కు. చాలాచోట్ల లాటిన్‌లో ఉంటుంది, జాన్ అని కాక జొహానెస్ అని కనిపిస్తాడు, కంగారు పడకండి. తల్లి పుట్టింటి ఇంటిపేరు, జ్ఞాన తల్లిదండ్రుల (గాడ్‌పేరెంట్స్) పేర్లు తప్పక రాసుకోండి. ఇద్దరు జాన్‌లు తగిలినప్పుడు తేల్చేది అవే.

ఆయన అన్నదమ్ములు అక్కడే ఉండిపోయి ఉంటే 1901, 1911 జనాభా లెక్కల్లో దొరకొచ్చు, అవి పూర్తిగా మిగిలాయి, ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం. ఇంటిపేరు ముందు ‘ఓ’ పెట్టీ (ఓ’సల్లివన్), తీసేసీ రెండు రకాలుగా వెతకండి. వయసుల్ని మాత్రం నమ్మొద్దు. 1909 జనవరి నుంచి డెబ్బై దాటినవాళ్లకి పెన్షన్ ఇవ్వడం మొదలుపెట్టారు, దాంతో 1901లో యాభై ఎనిమిది అని రాయించుకున్న పెద్దమనిషి 1911 కల్లా డెబ్బై రెండేళ్లవాడైపోతే ఆశ్చర్యం లేదు!