ఎక్స్‌ఎస్‌డీలో డిక్లేర్ చేయని ఆట్రిబ్యూట్లను అనుమతించాలంటే ఎలా?

మీ ఇబ్బంది నాకు అర్థమైనంతవరకు ఇది: ఇన్‌వాయిస్ స్కీమా (ఎక్స్‌ఎంఎల్ ఫైల్ ఎలా ఉండాలో చెప్పే ఎక్స్‌ఎస్‌డీ ఫైల్) మీది. వెండర్లు ఎవరికి వాళ్లు ట్రాకింగ్ నంబర్ లాంటి సొంత ఆట్రిబ్యూట్లు తగిలిస్తున్నారు, తగిలించగానే వాలిడేషన్ ఫెయిలవుతోంది. కాంప్లెక్స్‌టైప్‌లో (ఎలిమెంట్‌లో ఏమేం ఉండొచ్చో రాసే చోట) మీ ఆట్రిబ్యూట్లన్నీ రాశాక చిట్టచివర ‘ఎనీఆట్రిబ్యూట్’ పెట్టండి. అందులో నేమ్‌స్పేస్‌కి (పేరు ఎవరిదో వేరుచేసే గుర్తుకి) ‘##అదర్’, ప్రాసెస్‌కంటెంట్స్‌కి (ఎంత గట్టిగా చెక్ చేయాలో చెప్పేదానికి) ‘లాక్స్’ ఇవ్వండి. ‘##ఎనీ’తో (ఏ నేమ్‌స్పేస్ అయినా సరే) ‘స్కిప్’ (అసలు చెక్ చేయకు) కలిపి పెట్టేస్తే పనైపోతుందని ఎవరైనా చెబితే దయచేసి వినకండి.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో స్కీమా సరిగ్గా అలాగే ఉండేది. కరెన్సీ ఆట్రిబ్యూట్‌కి డిఫాల్ట్ విలువ ఐఎన్‌ఆర్. ఒక సప్లయర్ పంపిన ఫైల్లో కరెన్సీ స్పెల్లింగ్‌లో ఒక ‘ఆర్’ ఎగిరిపోయింది, పక్కన యూఎస్‌డీ అని మాత్రం సరిగ్గానే రాశారు. తప్పు స్పెల్లింగ్ ఉన్న ఆట్రిబ్యూట్ ఆ ఎనీఆట్రిబ్యూట్ కింద చెల్లిపోయింది. అసలు కరెన్సీ లేదు కాబట్టి వాలిడేటర్ డిఫాల్ట్ నింపింది. డాలర్ల బిల్లు రూపాయల బిల్లయి కూర్చుంది, ఎర్రర్ ఒక్కటీ రాలేదు. లెక్క ఎక్కడ తేడా కొట్టిందో తెలియక అకౌంట్స్ వాళ్లు పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

‘##అదర్’ ఉంటే ఇది జరగదు. అది మీ టార్గెట్ నేమ్‌స్పేస్‌ను ఒప్పుకోదు, నేమ్‌స్పేసే లేని ఆట్రిబ్యూట్లను కూడా ఒప్పుకోదు. మన స్కీమాల్లో ఆట్రిబ్యూట్లు మామూలుగా ప్రిఫిక్స్ (పేరు ముందు నేమ్‌స్పేస్‌ను సూచించే ముక్క) లేకుండానే ఉంటాయి కాబట్టి స్పెల్లింగ్ తప్పులు అక్కడే దొరికిపోతాయి. వెండర్ మాత్రం తన ఆట్రిబ్యూట్‌కి ప్రిఫిక్స్ పెట్టి తీరాలి. డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఎలిమెంట్లకే వర్తిస్తుంది, ఆట్రిబ్యూట్లకు కాదు. ఈ సంగతి వాళ్లకు ముందే చెప్పండి, మీకు వచ్చే ఫోన్లలో సగం తగ్గుతాయి.

ప్రాసెస్‌కంటెంట్స్ రాయకుండా వదిలేస్తే ‘స్ట్రిక్ట్’ అని అర్థం. అప్పుడు వెండర్ ఆట్రిబ్యూట్‌కి గ్లోబల్ డిక్లరేషన్ దొరకకపోతే మళ్లీ ఫెయిలే. ‘లాక్స్’ అయితే డిక్లరేషన్ దొరికితే చెక్ చేస్తుంది, లేకపోతే వదిలేస్తుంది.

ఇది నా సొంత పద్ధతేమీ కాదు. ఎక్స్‌ఎంఎల్ స్కీమాకే ఉన్న స్కీమాలో ‘ఓపెన్‌ఆట్రిస్’ అనే టైప్ ఉంది, అందులో ఉన్నది ఇదే ‘##అదర్’, ‘లాక్స్’. అందుకే మనం ఎక్స్‌ఎస్‌డీ ఫైల్లోనే వేరే నేమ్‌స్పేస్ ఆట్రిబ్యూట్లు పెట్టుకోగలుగుతున్నాం.

ప్రతి టైప్‌లోనూ ఆ లైన్ రాయడం విసుగనిపిస్తే ఒక ఆట్రిబ్యూట్‌గ్రూప్‌లో పెట్టి దాన్ని రెఫర్ చేయండి. 2012లో వచ్చిన ఎక్స్‌ఎస్‌డీ 1.1లో ‘డిఫాల్ట్‌ఆట్రిబ్యూట్స్’ ఉంది, ఆ గ్రూప్‌ను ఫైల్లోని కాంప్లెక్స్‌టైప్‌లన్నిటికీ ఒక్క దెబ్బతో తగిలిస్తుంది. కానీ డాట్‌నెట్‌లో ఉన్న వాలిడేటర్‌కి, లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 అనే లైబ్రరీకి 1.1 రాదు. అవతలివాళ్లు ఏది వాడుతున్నారో కనుక్కోకుండా అటు వెళ్లకండి.

మరొకటి. నేరుగా స్ట్రింగ్ టైప్ ఇచ్చిన ఎలిమెంట్లకు ఆట్రిబ్యూట్లే ఉండవు. వాటిని కూడా తెరవాలంటే సింపుల్‌కంటెంట్ ఎక్స్‌టెన్షన్‌గా (టెక్స్ట్‌తో పాటు ఆట్రిబ్యూట్లు కూడా ఉండగల టైప్‌గా) మార్చి, అందులో ఎనీఆట్రిబ్యూట్ పెట్టాలి. జావాలో జాక్స్‌బీ (ఎక్స్‌ఎంఎల్‌ను జావా ఆబ్జెక్టులుగా మార్చే లైబ్రరీ) వాడుతుంటే, స్కీమా నుంచి క్లాసులు తయారుచేసే దాని టూల్ ఎక్స్‌జేసీ ‘గెట్‌అదర్‌ఆట్రిబ్యూట్స్’ అనే మెథడ్ ఇస్తుంది, వెండర్ పెట్టినవన్నీ ఆ మ్యాప్‌లో దొరుకుతాయి. ఫైల్‌ను మీరు ముందుకు పంపేటప్పుడు ఆ మ్యాప్‌ను కూడా కాపీ చేయండి, లేకపోతే వాళ్ల ట్రాకింగ్ నంబర్ మీ దగ్గరే ఆగిపోతుంది.