పది రోజుల మౌనానికి ముందు

నమస్కారమండీ. ఉద్యోగ విరమణ తరువాత మనసు నిలవడం లేదని, పది రోజుల విపశ్యన (మౌన ధ్యాన) శిబిరానికి నేరుగా వెళ్లవచ్చా, గురువు అవసరమా అని అడిగారు. తొందరపడవద్దని నా మనవి. అక్కడ తెల్లవారుజామున 4 గంటలకే గంట మోగుతుంది, ఫోను, పుస్తకం, ముచ్చట ఏవీ ఉండవు, తొలి మూడు రోజులూ ముక్కు వద్ద ఊపిరి రాకపోకలను గమనించడమే పని కాబట్టి, అలవాటు లేనివారికి రెండవ నాటికే ఇంటి మీద ధ్యాస మళ్లుతుంది (నాకూ మళ్లింది).

మీరు చెన్నై పెరంబూరులోనే ఉన్నారు కనుక ముందుగా తిరువణ్ణామలై (అరుణాచలం) వెళ్లి, కొండ మీద రమణ మహర్షి నివసించిన స్కందాశ్రమం దాటి విరూపాక్ష గుహకు దిగి, ఆ మసక చీకటిలో, ఎవరో దగ్గిన చప్పుడు కూడా పెద్దగా వినిపించే నిశ్శబ్దంలో ఒక అరగంట కూర్చోండి. మన సంస్కృత పండితుడు కావ్యకంఠ గణపతి ముని 1907లో అక్కడికే వెళ్లి, శాస్త్రాలన్నీ చదివినా తపస్సంటే ఏమిటో తెలియలేదని రమణ మహర్షిని ఆశ్రయించారు. ‘నేను’ అనే తలంపు ఎక్కడి నుంచి పుడుతోందో గమనించమన్నదే ఆయనకు లభించిన సమాధానం. అంతటి పండితునికే గురువు అవసరమైనప్పుడు మనం మొహమాటపడనక్కరలేదు.

శిబిరంలోనూ ఆచార్యులను సందేహాలు అడగవచ్చు, అయితే ఇంటి కథలు కాక, సాధనలో ఎదురైన అడ్డంకినే చెప్పండి. నిద్ర మాత్రలు వాడుతున్నానని రాశారు. దరఖాస్తులో ఆ సంగతి దాచవద్దు.