గర్భసంచి తీయకుండా గడ్డని ఎండగట్టవచ్చా?

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఏడాదిగా నెలసరి తొమ్మిది పది రోజులు ఆగడం లేదు. హిమోగ్లోబిన్ 7.4. స్కానింగులో గర్భసంచిలో 6 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ గడ్డ ఉందన్నారు. "పిల్లలు పుట్టేశారుగా, సంచితో ఇంకేం పని, తీయించేసుకో" అన్నారు డాక్టరుగారు. మా అత్తగారిదీ అదే మాట. కోత లేకుండా రక్తనాళంలోంచి చేసే వైద్యం ఉందని మా ఆడపడుచు అంటోంది. నిజమేనా? ఎమ్మారైకి తాళి తీయాలా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ ఆడపడుచు చెప్పింది నిజమేనమ్మా. దాన్ని ఫైబ్రాయిడ్ ఎంబలైజేషన్ అంటారు. ఫ్రాన్స్ డాక్టర్లు 1995లోనే దీన్ని లోకానికి చెప్పారు, అంటే మరీ కొత్త వింతేం కాదు. నేను రేడియాలజిస్టుని, మావాళ్ళు చేసే పనే ఇది. కాబట్టి నా మాటని కాస్త తరుగు తీసి చదువుకోండి.

"సంచితో ఇంకేం పని" అనే మాట వింటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. మన రెండు రాష్ట్రాల్లోనూ అంతకు రెట్టింపు పైమాటే.

ఫైబ్రాయిడ్ గర్భసంచి ధమనుల రక్తం తాగి పెరుగుతుంది. తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో చిన్న మత్తుసూది వేసి, సేమ్యా పుల్లంత గొట్టాన్ని ధమనిలోకి పంపుతాం. ఎక్స్‌రే తెరమీద చూసుకుంటూ గర్భసంచి దాకా నడిపించి రంగుమందు వదులుతాం. అప్పుడు గడ్డ చుట్టూ నాళాలు చిక్కుపడ్డ బాబిన్ దారంలా కనిపిస్తాయి. ఉప్మారవ్వ పలుకంత గుళికలు మెల్లగా వదులుతూ ఉంటే కాసేపటికి ఆ చిక్కంతా మాయమై, ధమని ఒక్కటే ఆకులు రాలిన కొమ్మలా మిగులుతుంది. మీ ఊళ్ళో పంటబోదెకి అడ్డంగా మట్టి వేస్తారే, అదీ పని. నీళ్ళందని గడ్డ కొన్ని నెలల్లో ఇంచుమించు సగానికి తగ్గుతుంది. పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి రక్తస్రావం దారికొస్తుంది.

నొప్పి ఉండదని ఎవరన్నా అంటే నమ్మకండి. మొదటి రాత్రి గట్టి నొప్పే, మందు దగ్గర ఉండే ఆస్పత్రిలోనే గడపాలి. నాలుగైదు రోజులు జ్వరం, వికారం ఉండొచ్చు. కొందరికి కొన్నేళ్ళకు మళ్ళీ ఏదో ఒక చికిత్స అవసరమవుతుంది. సంచి తీసేస్తే ఆ బెడద లేదు, అది ఒప్పుకోవాలి. 45 దాటినవాళ్ళలో కొందరికి దీంతో నెలసరి ముందే ఆగిపోవచ్చు. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళకి నేను ముందుగా ఇది చెప్పను, గడ్డ మాత్రమే తీసే ఆపరేషన్ గురించి అడగమంటాను.

మీకిది కుదురుతుందో లేదో మామూలు స్కానింగు ఒక్కటే తేల్చదు. గడ్డలెన్ని, ఏ పొరలో ఉన్నాయి, సన్నని కాడకి వేలాడుతున్నాయా, సంచి గోడే ఉబ్బిందా అన్నది ఎమ్మారైలో బాగా తెలుస్తుంది. దానికి రేడియేషన్ లేదు, సీటీ ఇక్కడ అంతగా పనికిరాదు. లోపలి పొర ముక్క తీసి పరీక్ష చేయించాలా అని గైనకాలజిస్టుని అడగండి. అంతకంటే ముందు రక్తం పెంచుకోవాలి. 7.4తో ఏ చికిత్సకీ తొందరపడకూడదు, ఐరన్ సెలైన్‌లో ఎక్కించమనండి.

ఇక తాళి సంగతి. ఎమ్మారై మిషన్ అంటే పెద్ద అయస్కాంతం, కానీ బంగారాన్ని అయస్కాంతం లాగదు. భయమంతా దానికి గుచ్చిపెట్టే పిన్నీసులతోనే. ఒకావిడ సూత్రాలకి ఏడు పిన్నీసులు తగిలించుకొచ్చింది, టెక్నీషియన్ విప్పి ట్రేలో పోస్తే గలగలమన్నాయి! అయినా ఏ గొలుసులో ఏ కొక్కెం ఉందో ఎవరికి తెలుసు? అన్నీ తీసేయమనే చెబుతాం. పసుపుతాడు కట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు. మెట్టెలు, జడపిన్నులు, హుక్కుల జాకెట్టు కూడా ఇంటి దగ్గరే వదిలేయండి. అరగంటా ముప్పావుగంటా కదలకుండా పడుకోవాలి. బోరు వేస్తున్నంత చప్పుడు వస్తుంది, చెవుల్లో దూది అడగండి.

కుట్టుమిషన్ ఎప్పుడు తొక్కొచ్చని మీరు అడగలేదు గానీ, చాలామంది వారం పది రోజుల్లో పనిలో పడతారు. పెళ్ళిళ్ళ జాకెట్లు ఒప్పుకునేటప్పుడు మాత్రం రెండు వారాలు వదిలి తారీఖు ఇవ్వండి.