ఏజెంటుకు పెట్టే డబ్బు భాషకు పెట్టండి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివి, ఏడాదిన్నరగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో పనిచేస్తోంది. జీతం 19 వేలు. జర్మనీలో నర్సు ఉద్యోగం ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు నాలుగున్నర లక్షలు అడుగుతున్నారు. ఆరు నెలల్లో విమానం ఎక్కిస్తామన్నారు. 25 వేలు అడ్వాన్సు కట్టాం, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇచ్చేశాం. మిగతా డబ్బుకు ఎకరం పొలం తాకట్టు పెడదామనుకుంటున్నా. ఆడపిల్లను ఒంటరిగా అంత దూరం పంపొచ్చా? వెళ్తే పెళ్లి మాటేమిటి? సలహా చెప్పగలరు.
- ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: జర్మనీ గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ వారంలోనే వెళ్లి ఆ ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. స్కాన్ కాపీలు, నోటరీ చేసిన జిరాక్సులు ఇస్తే చాలు, దరఖాస్తు దశలో ఎవరికీ ఒరిజినల్స్ అప్పజెప్పి రానక్కర్లేదు. "ప్రాసెసింగ్‌లో ఉన్నాయి సార్, తర్వాత రండి" అంటే ఏ ఆఫీసులో, ఎవరి దగ్గర ఉన్నాయో కాగితం మీద రాసివ్వమనండి. సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉన్నంతకాలం మీరు వద్దనుకున్నా బయటికి రాలేరు. రేపు అమ్మాయి ఇక్కడే ఇంకో మంచి ఆస్పత్రికి మారాలన్నా ఇబ్బందే.

రెండో సంగతి, ఆ నాలుగున్నర లక్షలు. విదేశీ ఉద్యోగాలకు మనవాళ్లను పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉందో లేదో కేంద్ర విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వెతికితే తెలుస్తుంది. లైసెన్సు ఉన్న ఏజెంటైనా సర్వీస్ చార్జీ కింద 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. మరి నాలుగున్నర లక్షలు ఎలా అడుగుతారంటే, మిగతాదంతా "ట్రైనింగ్ ఫీజు", "డాక్యుమెంటేషన్" అని రాస్తారు. దేనికెంతో విడదీసి రసీదు ఇవ్వమని అడగండి. ఆ ప్రశ్నకే వాళ్ల మొహం ఎలా మారుతుందో చూస్తే మీకు సగం జవాబు దొరికినట్టే.

జర్మనీ అవకాశం మాత్రం బోగస్ కాదు. అక్కడ నర్సుల కొరత నిజం. నైపుణ్యం ఉన్న భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబర్‌లో ఆ దేశం ప్రకటించింది. కన్సల్టెన్సీల పాంప్లెట్లలో ఈ 90 వేల అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది ఒక్క నర్సులకే కాదు, అన్ని వృత్తులకూ కలిపి అన్న ముక్క మాత్రం ఎక్కడా కనపడదు.

"ఆరు నెలలు" దగ్గర నాకు నమ్మకం కుదరడం లేదు. అక్కడ పూర్తి స్థాయి నర్సుగా గుర్తింపు రావాలంటే జర్మన్ భాషలో సాధారణంగా బీ2 స్థాయి కావాలి (ఏ1, ఏ2, బీ1, బీ2 అని మెట్లుంటాయి, ఇది నాలుగోది). కొందరు యజమానులు బీ1తో రానిచ్చి, మిగతాది అక్కడ నేర్చుకోమంటారు. ఓనమాల నుంచి బీ2 దాకా చేరడానికి 45 నిమిషాల పీరియడ్లు 600 నుంచి 800 పడతాయి. ఉద్యోగం మానేసి రోజంతా కూర్చుంటే పది నెలలో, ఏడాదో. ఐసీయూ నైట్ డ్యూటీలు చేస్తూ నేర్చుకుంటే ఏడాదిన్నర అనుకోండి. జర్మన్ భాష నేర్పే గోథె సంస్థ పెట్టే పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలుంటాయి. ఒక్కోదాంట్లో నూటికి 60 రావాలి. బీ1, బీ2లో ఒక భాగం పోతే అదొక్కటే మళ్లీ రాసుకోవచ్చు. నేను చూసినంతలో మన పిల్లలకు పోయేది ఎక్కువగా వినడంలో.

దానికి కారణం ఉంది. కిందటేడు నా దగ్గరికి వచ్చిన ఒక నర్సమ్మాయి గ్రామర్‌లో దిట్ట. మాటల్లో మాటగా "హాల్ప్ డ్రై" అంటే ఎన్ని గంటలు అని అడిగాను. డ్రై అంటే మూడు, హాల్ప్ అంటే అర, కాబట్టి మూడున్నర అంది. కాదు, రెండున్నర. మూడుకి అరగంట తక్కువ అని వాళ్ల లెక్క. రెండున్నరకి ఇవ్వాల్సిన మాత్ర మూడున్నరకి ఇస్తే ఏమవుతుందో నర్సుకు నేను చెప్పనక్కర్లేదు, తనే నాలుక కరుచుకుంది. ఇంకోటి, పేషెంటు "మియర్ ఇస్ట్ ష్లెష్ట్" అంటే మాటకు మాట "నాకు చెడుగా ఉంది" అనే వస్తుంది. ఆయన చెప్తున్నది కడుపులో తిప్పుతోంది, వాంతి వచ్చేలా ఉంది అని. పరుగెత్తి ట్రే తేవాలి. పుస్తకం బట్టీ పడితే ఇవి రావు, చెవిలో పడుతూ ఉండాలి.

తెలుగు పిల్లలకు ఒక వెసులుబాటు కూడా ఉందండోయ్. జర్మన్‌లో "ఎందుకంటే" అని మొదలుపెట్టిన వాక్యంలో క్రియ చివరికి పోతుంది. ఇంగ్లిష్ వాళ్లకు అది తలనొప్పి, మనకు పుట్టుకతో అలవాటు. మీరు, నువ్వు తేడా కూడా అక్కడుంది. పేషెంటును "జీ" అనాలి, స్నేహితురాలిని "డూ" అనొచ్చు. తెలుగులోంచి నేరుగా జర్మన్‌లోకి వెళ్లమనండి, మధ్యలో ఇంగ్లిష్‌లో ఆగొద్దని చెప్పండి.

ఇక అక్కడి పని. కన్సల్టెన్సీల వాళ్లు ఈ సంగతి ఎత్తరు, అడిగే తల్లిదండ్రులూ తక్కువే. మన ఆస్పత్రుల్లో డిగ్రీ చదివిన నర్సు ఐవీ పెడుతుంది, మందులు ఇస్తుంది, చార్టు రాస్తుంది. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, అన్నం తినిపించడం ఆయాలో, పేషెంటు వెంట వచ్చిన మనుషులో చూసుకుంటారు. జర్మనీలో పేషెంటు పక్కన కాపలా పడుకునే బంధువులుండరు. పొద్దున ఆరింటి షిఫ్టు ఎక్కితే స్నానం చేయించడం, పళ్ల సెట్టు కడగడం, డైపర్ మార్చడం, నడిపించడం అన్నీ నర్సు పనే. ఇన్ని చదువులు చదివి ఇదా అని మొదటి నెలలోనే ఏడ్చే పిల్లలున్నారు. ఐవీ, ఇంజెక్షన్ల లాంటివి చాలా చోట్ల డాక్టరు చేతిలోనో, డాక్టరు అప్పగిస్తేనో ఉంటాయి. ఐసీయూలో వెంటిలేటర్లు చూసిన అమ్మాయికి ఇది మెట్టు దిగినట్టు అనిపించొచ్చు. అక్కడి చదువులో దీన్ని చిన్న పనిగా చూడరు, చర్మం రంగు దగ్గర్నుంచి పేషెంటును పూర్తిగా పరిశీలించేది స్నానం చేయించే ఆ అరగంటలోనే అంటారు. నాకూ అందులో నిజం ఉందనే అనిపిస్తుంది. చేయాల్సింది నేను కాదు కదా, ఒప్పుకోవాల్సింది మీ అమ్మాయి. ఇంతకీ ఉత్తరం మీరు రాశారు గానీ తను రాయలేదు. వెళ్లాలని తనకుందా? ఈ పేరా తనకు చదివి వినిపించి, ఏమంటుందో చూడండి.

డబ్బు లెక్క కూడా చూద్దాం. మన డిగ్రీని జర్మనీలో పనిచేయబోయే రాష్ట్రం అధికారులు, సాధారణంగా వీసాకు ముందే, తమ సిలబస్‌తో పోల్చి, ఏవి తక్కువున్నాయో రాసిస్తారు. అక్కడికి వెళ్లాక ఆ వెలితి పూడ్చడానికి కొన్ని నెలల శిక్షణ పొందాలి, లేదా పరీక్ష రాయాలి. అది పూర్తయ్యే దాకా ఇచ్చేది సహాయకురాలి జీతం. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో 2025 జులై నాటి లెక్కలో కనీస వేతనం సహాయకులకు గంటకు 16.10 యూరోలు, గుర్తింపు ఉన్న నర్సుకు 20.50 యూరోలు. వారానికి 38 గంటల చిల్లర పనికి సహాయకురాలిగా నెలకు సుమారు 2,700 యూరోలు. పన్ను, పెన్షన్, ఆరోగ్య బీమా పోను చేతికి 1,800, 1,900 వస్తాయి. గది అద్దె, తిండి, బస్సు పాసు తీసేయండి. ఇంట్లో టీవీ లేకపోయినా నెలకు 18.36 యూరోల రేడియో, టీవీ రుసుము కట్టాలి, అది మరో తమాషా. పొదుపుగా ఉంటే మొదటి ఏడాది నెలకు ఆరేడు వందల యూరోలు మిగలొచ్చు. గుర్తింపు వచ్చాక పరిస్థితి బాగా మెరుగవుతుంది. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పే "నెలకు మూడు లక్షలు" ఆ తర్వాతి జీతం, అదీ కోతలకు ముందు.

అందుకే పొలం తాకట్టు పెట్టొద్దంటున్నా. అమ్మాయి బీ1లో ఒక్క భాగం తప్పినా ప్రయాణం మూడు నెలలు వెనక్కి పోతుంది, వడ్డీ మాత్రం ఆగదు. చేయాల్సిన ఖర్చు భాష మీద చేయండి. హైదరాబాద్‌లో గోథె సెంట్రమ్ ఉంది. ముందు ఏ1 ఒక్కటి చేయనివ్వండి, రెండు మూడు నెలల పని. ఏ1 తర్వాత కూడా ఉత్సాహం ఉంటే ముందుకు వెళ్లండి. విసుగొస్తే పోయేది ఒక కోర్సు ఫీజు, ఎకరం పొలం కాదు.

తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, విదేశాల్లో ఉద్యోగాలకు మనవాళ్లను పంపడమే దాని పని. జర్మనీ ప్రభుత్వ ఉపాధి సంస్థ, ఆ దేశపు అభివృద్ధి సహకార సంస్థ జీఐజెడ్ కలిసి నడిపే "ట్రిపుల్ విన్" పథకంలో నర్సుల నుంచి రుసుము తీసుకోరు, భాష నేర్పించే ఖర్చు కూడా యజమాని వైపు నుంచే వస్తుంది. సీట్లు పరిమితం, ఇంటర్వ్యూ ఉంటుంది, నోటిఫికేషన్ కోసం కాచుక్కూర్చోవాలి. అయినా నాలుగున్నర లక్షల ముందు ఆ ఓపిక ఎంతో చవక. ప్రైవేటు ఏజెన్సీ ద్వారానే వెళ్లాల్సి వస్తే, నర్సులను న్యాయంగా తీసుకెళ్లే ఏజెన్సీలకు జర్మనీ ఇచ్చే "ఫెయిర్ రిక్రూట్‌మెంట్" నాణ్యత ముద్ర ఉందా అని అడగండి. ఒప్పందం మీద సంతకానికి ముందు అమ్మాయి స్వయంగా చూడాల్సింది మరొకటుంది: మధ్యలో మానేస్తే కోర్సు ఖర్చు ఎంత వెనక్కి కట్టాలి, ఎన్నేళ్ల దాకా. ఈ షరతుకు చిక్కి, నచ్చని చోట పళ్ల బిగువున పనిచేస్తున్న పిల్లలు ఉన్నారు. పని ఆస్పత్రిలోనా, వృద్ధాశ్రమంలోనా, ఏ ఊళ్లో అన్నది కూడా రాసి ఉండాలి. బెర్లిన్, మ్యూనిక్ పేర్లు చెప్పి ఎక్కడో చిన్న ఊరికి పంపడం మామూలే. చిన్న ఊరైతే అద్దె తక్కువ, భాష త్వరగా వస్తుంది. ముందే తెలిసి వెళ్లాలి, అంతే.

ఒంటరి ఆడపిల్ల అన్నారు. హైదరాబాద్ హాస్టల్‌లో ఉంటూ ఏడాదిన్నరగా నైట్ డ్యూటీలు చేస్తున్న పిల్ల ఆవిడ. దూరం పెరుగుతుంది గానీ ధైర్యం కొత్తగా నేర్వాల్సిన పని లేదు. మొదటి చలికాలం మాత్రం కష్టం. డిసెంబర్‌లో పొద్దున ఎనిమిదైతే గానీ వెలుతురు రాదు, సాయంత్రం నాలుగయ్యేసరికి చీకటి. ఆదివారం కొట్లు మూసేస్తారు. ఆ రెండు మూడు నెలలు "వచ్చేస్తా నాన్నా" అని ఫోన్ వస్తే కంగారు పడి టికెట్ కొనెయ్యకండి, మార్చి దాకా ఆగండి.

పెళ్లి గురించి అడిగారు. వీసా లేదు, బీ1 లేదు, అప్పుడే అల్లుడి సంగతి. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత గుర్తొచ్చి నవ్వుకున్నాను, ఏమీ అనుకోకండి. అక్కడ ఉద్యోగం స్థిరపడ్డాక భర్తకు ఫ్యామిలీ వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు, వచ్చాక ఆయనా పనిచేసుకోవచ్చు. గుర్తింపు ఉన్న నర్సుగా మూడేళ్లు పనిచేసి, పెన్షన్ చందాలు కట్టి, భాష వచ్చి ఉంటే శాశ్వత నివాసానికీ అడగొచ్చు. సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయికి జర్మన్ నేర్చుకునే ఓపిక ఉందా అని కూడా కనుక్కుంటే సరి.

చివరగా మీకో మాట. చలికాలంలో అక్కడికి మనకు నాలుగున్నర గంటల తేడా. సాయంత్రం షిఫ్టు రోజుల్లో అమ్మాయి గదికి చేరేసరికి మనకు రాత్రి రెండవుతుంది. ఆ ఫోన్ కోసం మేలుకుని కూర్చోకండి. "చేరాను నాన్నా" అని మెసేజ్ పెట్టమనండి, పొద్దున లేచి చూసుకోవచ్చు.