ఆరో రోజున నొప్పి ఎందుకు పెరిగింది?

ప్రశ్న: నా వయసు 31. టాన్సిల్స్ ఆపరేషన్ అయి ఆరు రోజులైంది. మొదటి రెండు రోజులు బాగానే ఉంది. తర్వాతే నొప్పి ఎక్కువైంది. గుటక వేస్తే చెవుల్లో పోటు. గొంతులో రెండు పక్కలా తెల్లగా చీములా కనిపిస్తోంది, నోరు వాసన. భయమేసి మంచినీళ్లు కూడా తగ్గించేశాను. పుండు చెడిందా? సెలవు ఇంకెన్నాళ్లు పెట్టాలి?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి పుండు చెడినట్టు లేదు. పెద్దవాళ్లలో అది మానే తీరే అంత. నేను గొంతు డాక్టర్ని. అయినా 36వ ఏట నాకు టాన్సిల్స్ తీసినప్పుడు, ఐదో రోజు రాత్రి టార్చి పట్టుకుని అద్దం ముందు నిలబడి ఇదే ప్రశ్న వేసుకున్నాను. ఎందరికో ‘అది చీము కాదు’ అని చెప్పినదాన్ని, నా గొంతులో చూసేసరికి చేతులు చల్లబడ్డాయి.

చర్మం మీద గాయానికి గట్టి చెక్కు కడుతుంది. గొంతు ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి అక్కడది తెల్లగా, మెత్తగా కడుతుంది. వాసన దానిదే. గీకకండి. 5 నుంచి 10 రోజుల మధ్య అదే ఊడుతుంది, ఊడేటప్పుడు నొప్పి మళ్లీ రేగుతుంది. ఇక చెవులంటారా, వాటికేమీ కాలేదు. టాన్సిల్ ఉన్న చోటుకూ మధ్య చెవికీ ఒకే నరం పోతుంది, అందుకే ఆ పోటు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది నీళ్లు తగ్గించేశాననడం. గొంతు ఎండితే నొప్పి రెట్టింపవుతుంది, ఒంట్లో నీరు తగ్గి నీరసం ముంచుకొస్తుంది. మాత్ర వేసుకున్న అరగంటకు చల్లటి నీళ్లు తీసుకుని గుక్క గుక్కగా తాగండి. మొదటి గుక్కకు నాకు కళ్లలో నీళ్లు తిరిగేవి, నాలుగైదు గుక్కలయ్యేసరికి గొంతు సడలేది. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు చాలడం లేదని అర్థం. మెత్తటిదేదైనా కాస్త నమలండి, దవడ బిగుసుకుపోకుండా ఉంటుంది.

మాత్రలు డాక్టరు రాసిన వేళకే వేసుకోండి, నొప్పి వచ్చేదాకా ఆగొద్దు. నాలుగో రాత్రి నాకు ఎట్టకేలకు నిద్ర పట్టిందని మాత్ర మానేశాను. తెల్లవారుజామున ఉమ్మి కూడా మింగలేకపోయాను, దారికి రావడానికి సగం రోజు పట్టింది. అలారం పెట్టుకోండి. నొప్పి మాత్రల్లో ఉండే పారాసిటమాల్ చాలా జలుబు మాత్రల్లోనూ ఉంటుంది, రెండూ కలిపేయకండి. సొంతంగా ఆస్పిరిన్ జోలికి వెళ్లకండి, రక్తస్రావం పెరుగుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. గొంతులోంచి ఎర్రటి తాజా రక్తం వస్తే మింగకుండా ఉమ్మేస్తూ, ముందుకు వంగి కూర్చుని, ఎవరినైనా తోడు తీసుకుని వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. అదే ఆగిపోయినా వెళ్లాల్సిందే, కాస్త కారి ఆగింది తర్వాత ధారగా రావచ్చు. మళ్లీ మత్తు ఇవ్వాల్సి రావచ్చు, దారిలో ఏమీ తినొద్దు, తాగొద్దు. చెక్కు ఊడే ఈ రోజుల్లోనే ఆ ముప్పు ఎక్కువ కాబట్టి ఇంట్లో ఒంటరిగా ఉండకండి. జ్వరం బాగా పెరిగినా, నీళ్లు అసలు దిగకపోయినా మీ సర్జన్‌కు ఫోన్ చేయండి.

సెలవు రెండు వారాలూ పెట్టండి. నేను పదో రోజునే పేషెంట్లను చూడ్డానికి వెళ్లి, మధ్యాహ్నానికి మాట పెగలక ఇంటికొచ్చేశాను.