మందను మర్చిపోకు

విశాఖపట్నం

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. కోతుల రోగనిరోధక జన్యువుల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. సింహాచలం మెట్ల మీద తల్లి కోతి పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని పేలు చూసే పేరా భలే కుదిరింది, దాన్ని ముట్టుకోకు. నా టెన్షనంతా ఆ కిందున్న సబ్ హెడ్డింగ్‌తోనే. ‘ఎయిడ్స్‌ని ఆపే కోతి జన్యువు’ అని పెట్టేశావు.

నువ్వు చెప్పే ఆ జన్యువు, మాము-బి 08 అనే రకం సంగతి చూడు. అది ఉన్న రీసస్ కోతుల్లో ఇంచుమించు సగమే ఎస్‌ఐవీని, అంటే హెచ్‌ఐవీకి చుట్టమైన కోతుల వైరస్‌ని, అదుపులో పెట్టగలిగాయి. మిగతా వాటికి అదే జన్యువు ఉండీ అంత లాభం లేకపోయింది. ఈ సగం సంగతి దాచి రాస్తే, జబ్బుతో బాధపడే ఇంట్లో ఎవరో దాన్ని చదివి ఆశ పెట్టుకుంటారమ్మా.

ముందు ఆ జన్యువు చేసే పని చూపించు. వైరస్ దూరిన కణంలో ప్రోటీన్లు ముక్కలవుతాయి. ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాలుండే చిన్న ముక్కని, ఇలాంటి జన్యువులు తయారుచేయించే ఎంహెచ్‌సీ అనే అణువు తన గాడిలో ఇరికించుకుని కణం పైకి తెస్తుంది. టీ కణాలనే కాపలా తెల్ల రక్తకణాలు వచ్చి చూసి, పరాయి ముక్క అనిపిస్తే ఆ కణాన్ని చంపేస్తాయి. గాడి ఆకారం జన్యువుని బట్టి మారుతుంది. ఒకదాంట్లో కుదురుకునే ముక్క ఇంకోదాంట్లో కూర్చోదు. అందుకే ఒక కోతిని పడగొట్టిన వైరస్ ఆటలు పక్క కోతి దగ్గర సాగకపోవచ్చు. మందలో ఎన్ని రకాల గాడులుంటే మందకి అంత ధీమా. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, ఇక్కడ నిదానించు.

ఇంకో మాట. కోతుల రోగనిరోధక వ్యవస్థ ‘మనదాని పాత మోడల్’ అన్న వాక్యం కొట్టేయ్. ఈ ఎంహెచ్‌సీ అణువులకి మనలో ఎ, బి, సి అని ముఖ్యమైనవి మూడు జన్యువులుంటాయి. రీసస్ కోతికి సి లేదు కానీ, ఎ, బి లకి నకళ్లు చాలా ఉంటాయి. అవి ఎన్నన్నది కూడా కోతికీ కోతికీ మారుతుంది.

మారిషస్ దీవి కోతుల సంగతి ఒక్క లైన్లో తేల్చేశావు, అన్యాయం. నావికులు ఓడల్లో తెచ్చి వదిలిన కొద్దిపాటి కోతుల సంతానమే ఇప్పుడక్కడ వేలల్లో ఉంది. అయినా వాటి ఎంహెచ్‌సీ జన్యువుల కూర్పులు ప్రధానంగా ఏడే. ప్రయోగాలు చేసేవాళ్లకి పోల్చుకోవడం సులువే. కానీ రకాలు తక్కువైతే మందకి ధీమా తక్కువే కదా, కోతుల వైపు నుంచి కూడా ఆలోచించి రాయి.

చింపాంజీల్లో ఈ ఎంహెచ్‌సీ రకాలు తగ్గడానికి ఎప్పుడో వచ్చిన ఎస్‌ఐవీ లాంటి వైరస్ కారణమన్నది ఒక వాదన. వాదన అనే రాయి, తేలిపోయినట్టు రాయకు. టాంజానియాలోని గోంబే చింపాంజీల మీద 2015లో వచ్చిన పరిశోధన కూడా చేర్చు. ఒక్క సూది గుచ్చకుండా, అడవిలో ఏరిన మలంతోనే వాటి జన్యువులు, వైరస్ మోతాదు చూశారు. నాకు ఎంతో గౌరవం కలిగించిన పని అది.

కొద్ది జంతువులే తరతరాలుగా ఒకేచోట పెరిగితే ఈ రకాలు తగ్గిపోతాయి కదా. మన జూ పార్కులో వేరే జూలతో జంతువుల్ని మార్చుకునేటప్పుడు చుట్టరికం ఎలా చూస్తారో అక్కడి డాక్టరు గారిని అడుగు. ఆయన చెప్పింది కూడా కలిపి డ్రాఫ్ట్ పంపు.

ఇట్లు,
మీ మాస్టారు