ఫరాగో వాడే ముందు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

కాలేజీ మ్యాగజైన్‌కి నువ్వు రాసిన ఇంగ్లీషు వ్యాసం చదివాను. బాగుంది. ఒక్క వాక్యం మాత్రం మార్చు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాలను "అందమైన ఫరాగో" అన్నావు. ఆ మాట అక్కడ ఇమడదు తల్లీ.

డిక్షనరీలో "కలగలుపు" అని చూసి వాడి ఉంటావు. అర్థం అదే, కానీ ఆ మాటలో చిన్నచూపు ఉంది. లాటిన్‌లో ఫరాగో అంటే పశువులకు కలిపి వేసే మేత. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చి, పొంతన లేని విషయాల గందరగోళానికి పేరైంది. మన కలగూరగంప దీనికి దగ్గరి చుట్టమే. అయితే కలగూరగంపను ముచ్చటగా కూడా అంటాం, ఫరాగోను మెచ్చుకోలుగా ఎవరూ అనరు. అబద్ధాలు, పుకార్లు, అతుకుల బొంత వాదనలు, ఇవీ దాని స్నేహాలు.

2017 మేలో శశి థరూర్ తన మీద వచ్చిన కథనాలను ఖండిస్తూ ట్విట్టర్‌లో ఈ మాట వాడితే జనం డిక్షనరీల మీద పడ్డారు. నువ్వు ఆయన వాక్యం కట్టిన తీరు చూడు. ముందు ఫరాగో, వెంటనే "ఆఫ్", ఆ తర్వాత బహువచనంలో వక్రీకరణలు, తప్పుడు చిత్రణలు, పచ్చి అబద్ధాలు. దేని గందరగోళమో చెప్పకుండా వదిలేస్తే చదివేవాళ్లకి ఏమీ అందదు.

అందుకే కొత్త మాట దొరికితే అర్థం ఒక్కటే రాసుకోకు. అది కనిపించిన నాలుగైదు వాక్యాలు పూర్తిగా నోట్‌బుక్‌లో ఎక్కించు. రాసినవాళ్లు మెచ్చుకుంటున్నారా, దెప్పుతున్నారా గమనించు. చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తావుగా, పెద్ద డిక్షనరీ తీసి ఉదాహరణలు చదువు. ఫోన్‌లో వచ్చే ఒక్క లైను చాలదు. కాంపిటీటివ్ పరీక్షల గైడ్లు మరీ ఘోరం. కలగలుపు అనే అర్థమున్న మెడ్లీ, పోపూరీ, ఫరాగో మూడింటినీ ఒకే వరసలో కూర్చోబెట్టి, ఏది ఎక్కడైనా పెట్టుకోవచ్చన్నట్టు చెబుతాయి.

పలికేటప్పుడు "రా" మీద ఊనిక. స్పెల్లింగ్‌లో రెండు ఆర్‌లు. విరాగోతో కలిపేసుకోకు, అది గయ్యాళి అనే తిట్టు!

ఆబిడ్స్ వాక్యంలో చిన్నచూపు లేని మెడ్లీ సరిపోతుంది. నన్నడిగితే అదీ వద్దు, ఇంటర్ గైడ్ల పక్కన ఏ పాత నవలలు కనిపించాయో రాయి చాలు. వాట్సాప్ ఫార్వర్డ్‌ల మీద ఇంకో వ్యాసం రాస్తానన్నావు కదా, ఫరాగోను దానికి దాచుకో. అందులోనైనా ఒక్కసారే. రాశాక నాకు పంపు, చూసి పెడతాను.

తాతయ్య